మా తాతయ్యది పుర్రచేతి వాటం కాదు

"పెట్టె నిండా పాత ఫోటోలు, ఉత్తరాలు ఉన్నాయి, పెద్దవాళ్ళు చెప్పే కథలున్నాయి. వీటితో మా కుటుంబ చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?" అని ఒకరు అడిగారు.

ఫోటోల వెనకవైపు మొదలుపెట్టండి. ముందువైపు అందరూ చూస్తారు. స్టూడియో ముద్ర, తేదీ, ఎవరో గీకిన పేరు, ఉంటే గింటే అన్నీ వెనకే ఉంటాయి. మా పెట్టెలో మాత్రం ఒక ఫోటో వెనక "నేనూ, వాడూ" అని రాసుంది. ఆ నేనెవరో, వాడెవడో దేవుడికే ఎరుక. ఇంకోదాని వెనక "మనవాళ్ళే" అట! పరాయివాళ్ళ ఫోటో ఎందుకు దాచుకుంటాం?

అసలు నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. మా తాతయ్యది పుర్రచేతి వాటమని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాను. కుడిచేత్తో రాయమని మాస్టారు ఆయన వేళ్ళ మీద బెత్తంతో కొట్టేవారని మా పెద్దత్తయ్య కళ్ళకు కట్టినట్టు చెప్పేది. సాక్ష్యానికి ఫోటో కూడా ఉంది. తాతయ్య బల్ల దగ్గర కూర్చుని ఎడమచేత్తో ఏదో రాస్తుంటారు.

ఆ ఫోటోని 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేసి, తీరిగ్గా పెద్దది చేసి చూశాను. చొక్కా జేబు కుడివైపు ఉంది! మగవాళ్ళ చొక్కాకి జేబు ఎడమవైపు కదా. గుండీల పట్టీ చూస్తే, ఎడమ అంచు పైకి రావాల్సింది, కుడి అంచు పైకి వచ్చింది. కుట్టినవాడు రెండు తప్పులూ ఒకే చొక్కాకి చేసుంటాడా? ప్రింటు తీసేటప్పుడు నెగటివ్‌ని తిరగేసి పెట్టారంతే. కుడి ఎడమైంది.

ఇది అంత అరుదేం కాదు. 1839లో లోకానికి తెలిసిన డాగెరోటైప్ అనే తొలినాటి ఫోటోల్లో, ఆ తర్వాత వచ్చిన రేకు ఫోటోల్లో అసలు నెగటివే ఉండదు, కాబట్టి బొమ్మ మామూలుగానే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. అందుకే ఎవరు ఎవరి కుడిపక్కన నిలబడ్డారు, గడియారం ఏ చేతికుంది అని రాసుకునే ముందు గుండీలు చూడండి. నేనైతే మనుషుల మాట కన్నా గుండీలనే నమ్ముతాను.

ఫోన్‌లో ఫోటోని తిప్పి అత్తయ్యకి చూపించాను. గెలిచానని లోపల సంబరంగానే ఉంది. ఆవిడ చాలాసేపు చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూసి, "అయితే మాస్టారు కొట్టింది ఎవర్నిరా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మూడో రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. "కొట్టించుకుంది నాన్న కాదురా, చిన్నాన్న! చెయ్యి వెనక్కి దాచుకుని ఇంటికొచ్చేవాడట, నానమ్మ చెప్పేది." చిన్నాన్నంటే మా చిన్నతాత. అంటే కథలో మనిషి మారాడు. ఫోటోలో తాతయ్య ఎడమచేత్తో రాస్తూ కనిపించేసరికి, తమ్ముడు తిన్న దెబ్బలు అన్నగారి ఖాతాలో పడ్డాయి.

చిన్నతాత ఉత్తరాలు తీసి చూశాను. సిరా ప్రతి వరుసలోనూ ఎడమ నుంచి కుడికి అలికినట్టు ఉంది. ఎడమచేత్తో రాస్తే చెయ్యి అప్పుడే రాసిన అక్షరాల మీదుగా వెళ్తుంది మరి. వానకి తడిసి ఉంటుందని మా తమ్ముడు వాదించాడు. వాన అన్ని వరుసల్నీ ఒకే వైపుకి తుడుస్తుందా? నాకు ఈ రుజువు చాలు.

ఉత్తరాలతో వచ్చే తలనొప్పి వేరే. మావాళ్ళు పైన "మంగళవారం" అని రాసి వదిలేసేవారు. ఏ మంగళవారం? కవరు మీద పోస్టు ముద్ర ఉంటే ఊరు, తేదీ రెండూ దొరుకుతాయి. మా కవర్లకి ఆ మూలంతా కత్తిరించేసి ఉంది. ఇంట్లో ఎవడో స్టాంపుల పిచ్చోడు చేసిన పని. సరే, ఆ పిచ్చోణ్ణి నేనే, అప్పుడు నాకు పదేళ్ళు. ఇప్పుడు ఉత్తరాల్లో పెళ్ళిళ్ళు, జ్వరాలు, ఉద్యోగాల కబుర్లు పట్టుకుని ఏది ముందో ఏది వెనకో వరుస పెట్టుకుంటున్నాను.

చుట్టాల్ని అడిగేటప్పుడు అందర్నీ ఒకచోట కూర్చోబెట్టకండి. గొంతు పెద్దగా ఉన్నవాళ్ళ జ్ఞాపకమే అందరి జ్ఞాపకమైపోతుంది. ఒక్కొక్కర్నీ విడిగా, ఫోటో చేతికిచ్చి అడగండి. "ఇదెవరు?" అంటే పేరొక్కటే వస్తుంది. "ఇది తీసిందెవరు? ఆ రోజు ఇందులో లేనిదెవరు?" అంటే కథ వస్తుంది. తప్పు చెప్పినా మధ్యలో దిద్దకండి, రికార్డ్ చేసుకోండి. నేను దిద్దబోయి మా బాబాయ్‌తో ఏడాది పాటు మాటల్లేకుండా చేసుకున్నాను.

ఇంకో బాధ. ఫోటో పంపమంటే ట్యూబ్‌లైట్ వెలుగు, బొటనవేలు సహా ఫోన్‌తో తీసి పంపుతారు. కొందరు యాప్‌లో రంగులద్ది మరీ పంపుతారు. ఆ చీర నీలమని యాప్‌కెవరు చెప్పారు? రేపు పిల్లలు అదే నిజమనుకుంటారు. ఇక 1970లు, 80లలో బాగా నడిచిన జిగురు పేజీల ఆల్బమ్‌లుంటే ముందు ఫోటోల్ని అందులోంచి బయటికి తియ్యండి. ఆ జిగురే ఫోటోని తినేస్తుంది. ఊడి రాకపోతే లాగొద్దు, పేజీతో సహా స్కాన్ చెయ్యండి.

పేర్లు రాయడానికి మెత్తటి పెన్సిల్ వాడండి. బాల్‌పెన్‌తో నొక్కి రాస్తే గీతలు ముందుకి తేలతాయి. తాతయ్య ఫోటో వెనక నేను పెన్సిల్‌తో "తిరగబడిన ప్రింటు, రాసేది కుడిచేత్తోనే" అని రాసి కింద నా పేరు పెట్టబోతుంటే అత్తయ్య ఆపింది. "నా పేరు రాయి. చిన్నాన్న సంగతి గుర్తుకు తెచ్చింది నేను కదా!" అంది. ఆవిడ పేరే రాశాను.