తాత చెప్పిన అడవి కథ, మీరు రాసిన ప్రేమ: హక్కు ఎవరిది?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. కోరంగి మడ అడవిని కాచే యక్షుడి కథ చిన్నప్పుడు మా తాత చెప్పేవాడు. దాన్ని ఆధారం చేసుకుని 80 పేజీల నవలిక రాశాను. పీతలు పట్టే కుర్రాడికీ ఆ యక్షుడికీ మధ్య మెల్లగా పుట్టే ప్రేమే అందులో ముఖ్యం. ఇద్దరూ మగవాళ్లు కాబట్టి కేసు పెడతారని మిత్రులు భయపెడుతున్నారు. ఇలాంటి కథే పాత జానపద సంకలనం ఒకదానిలోనూ కనిపించింది. ఒక ప్రచురణకర్త 8,000 రూపాయలిచ్చి సర్వహక్కులూ రాసిమ్మంటున్నారు. ఊళ్లో తెలియకుండా కలం పేరుతో వేయించుకోవచ్చా?

జవాబు: ముందు ఆ భయం వదిలేయండి. ఇష్టపూర్వకమైన వయోజనుల స్వలింగ సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహార్ కేసులో తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 377 సెక్షన్ లాంటిది అసలే లేదు. స్వలింగ వివాహాలకు చట్టబద్ధత ఇవ్వలేమన్న 2023 తీర్పును కొందరు అడ్డం తెస్తారు. ఆ తీర్పు పెళ్లి గుర్తింపు గురించి. మీ కథలో ఆ ఇద్దరికీ పెళ్లి చేసినా దానితో పేచీ లేదు.

అశ్లీలత సంగతి వేరు. న్యాయ సంహిత 294 సెక్షన్ కింద అశ్లీల పుస్తకం అమ్మితే మొదటిసారి రెండేళ్ల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. ఆన్‌లైన్‌లో పెడితే ఐటీ చట్టం 67 సెక్షన్ వస్తుంది, అక్కడ మూడేళ్లు, 5 లక్షల దాకా. అయితే ఏది అశ్లీలమో తేల్చేటప్పుడు ఏదో ఒక పేరా పీకి చూడకూడదు, రచన మొత్తాన్ని నేటి సమాజ ప్రమాణాలతో తూచాలి. 2014లో అవీక్ సర్కార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. చేయి పట్టుకోవడం, ఒకే దోనెలో తడవడం, ముద్దు వీటికి ఈ సెక్షన్లు వర్తించవు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి: "కుర్రాడు" అని వదిలేయకుండా 18 దాటిన వయసు స్పష్టంగా రాయండి. పిల్లలను అసభ్యంగా చూపే రాతలనూ ఐటీ చట్టం 67బి శిక్షిస్తుంది. వయసు తెలియని పాత్ర అనవసరమైన అనుమానాలకు తావిస్తుంది.

తాత కథ మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఇతివృత్తానికి, ఐతిహ్యానికి కాపీరైట్ ఉండదని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. జానపదానికి ప్రత్యేక హక్కునిచ్చే చట్టమూ మన దేశంలో లేదు. కాని సంకలనకర్త వాక్యాలు సంకలనకర్తవే. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని రాసిన పేజీలుంటే తిరగరాయండి. పొద్దుగూకాక కట్టె కొడితే యక్షుడు దారి మరిపిస్తాడన్నది మీ తాత కథలో ఉందనుకుందాం, అది అందరిదీ. తిల్ల చెట్టు పాలు కంట్లో పడి చూపు మసకైన కుర్రాణ్ణి యక్షుడు ఊపిరివేళ్ల మధ్య నుంచి మూడు రాత్రులు చేయి పట్టి నడిపించడం మీరు అల్లినదైతే, ఆ సన్నివేశం, ఆ మాటలు మీవి. రేపు ఎవరైనా అదే యక్షుడితో ఇంకో కథ రాస్తే ఆపలేరు. ఆ మూడు రాత్రులను ఎత్తుకుపోతే ఆపగలరు.

ఇక్కడ రెండు చోట్ల తొందర పడొద్దు. యక్షుడికి నిజంగా పూజలందుకునే గ్రామదేవత పేరు పెట్టకండి. మత భావాలను గాయపరిచారనే న్యాయ సంహిత 299 సెక్షన్ కేసు నిలవాలంటే దురుద్దేశం రుజువు కావాలి. అయినా ఫిర్యాదు పడ్డాక స్టేషన్ చుట్టూ తిరిగేది మీరే. అలాగే కొండరెడ్లు, కోయల నమ్మకాలు వాడుకుంటే ఆ మనుషులను తక్కువ చేసే మాట ఒక్కటీ ఉండకూడదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీల చట్టం ఇలాంటి రాతలకూ వర్తించవచ్చు.

నాకు మరీ ఆందోళన కలిగించేది ఇంకొకటి. మీ కుర్రాడికి మూలం ఊళ్లో నిజంగా ఉన్న మనిషైతే, రేవు, ఇంటిపేరు, కాలి మీద మచ్చ, ఏది చదివినా జనం ఇట్టే పట్టేస్తారు. ఆ మనిషి పరువునష్టం దావా వేయవచ్చన్నది ఒక ఎత్తు, వాళ్లు దాచుకున్న జీవితం మీ వల్ల బయటపడటం ఇంకో ఎత్తు. ఆ గుర్తులన్నీ మార్చండి.

ఇక ఒప్పందం. "సర్వహక్కులూ శాశ్వతంగా ప్రచురణకర్తకు చెందును" అనే వాక్యం మీద సంతకం పెట్టొద్దు. కాపీరైట్ చట్టం 19 సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలో ఉండాలి. ఏ రచన, ఏ హక్కు, ఎంత కాలం, ఏ ప్రాంతం, రాయల్టీ ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. వేరే షరతు లేకపోతే, ఏడాదిలోగా వాడుకోని హక్కు రద్దయిపోతుంది. కాని "శాశ్వతంగా" అన్న మాట రాసేస్తే ఆ అయిదేళ్ల రక్షణ మీకు దక్కదు. దాని బదులు ఇలా అడగండి: "తెలుగు ముద్రణ హక్కు మాత్రమే, భారతదేశంలో, మూడేళ్లకు; ఈ-బుక్, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు రచయితవే." 8,000 ముందస్తు రాయల్టీయా, ఏకమొత్తమా అన్నది కూడా రాయించండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి.

కలం పేరు నిక్షేపంగా పెట్టుకోవచ్చు. ఒప్పందం మీద మాత్రం అసలు పేరుతో సంతకం చేసి, ఆ పేరు బయటపెట్టకూడదని ఒక షరతు చేర్పించండి. కలం పేరు రచనకు కాపీరైట్ ప్రచురణ నుంచి 60 ఏళ్లు. ఆలోగా అసలు పేరు వెల్లడిస్తే జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. నమోదు తప్పనిసరి కాదు. చేయించుకుంటే రుసుము 500 రూపాయలు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. అయితే ఆ రిజిస్టరును ఎవరైనా చూడవచ్చు. పేరు దాచుకోవాలనుకునే మీరు ఆ పని ఇప్పుడే చేయకండి. తేదీలున్న చిత్తుప్రతులు, మీకు మీరే పంపుకున్న మెయిళ్లు భద్రంగా ఉంచండి.

ఒప్పందం చేతికొచ్చేదాకా ప్రచురణకర్తకు మొదటి పది పేజీలు చాలు. మూడు రాత్రుల అధ్యాయం పంపకండి.