పదేళ్ల పొమెరేనియన్‌కి గుండె జబ్బు అన్నారు, ఇక జీవితాంతం మందులేనా?

మీ పొమెరేనియన్‌కి మర్మర్ (గుండె చప్పుడులో వినిపించే అదనపు శబ్దం) ఉందన్నారు, రాత్రిళ్లు దగ్గుతోంది, ఇప్పటినుంచే మందులు వేయాలా అని అడిగారు. మాదీ చెన్నైయేనండీ, అశోక్ నగర్. మా కుక్క బంటీదీ ఇదే బాపతు: గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం మందమై సరిగ్గా మూసుకోదు, రక్తం వెనక్కి కారుతుంది. చిన్న జాతి కుక్కల్లో వయసు మీద పడ్డాక ఇది తరచూ కనిపించేదే.

మర్మర్ వినిపించినంత మాత్రాన మందులు అక్కర్లేదు. ముందు ఎక్స్‌రే, ఎకో (గుండె స్కాన్) తీయించి గుండె ఎంత పెరిగిందో తేల్చుకోండి. మేం వేపేరి వెటర్నరీ కాలేజీ ఆస్పత్రికి వెళ్లాం. బాగా పెరిగి ఉంటే, ఊపిరితిత్తుల్లో నీరు చేరకముందే పిమోబెండాన్ అనే గుండె మందు మొదలుపెడతారు. 2016లో వచ్చిన ఎపిక్ అధ్యయనంలో, ఆ మందు వాడిన కుక్కలకు గుండె వైఫల్యం దాదాపు 15 నెలలు వెనక్కి జరిగింది. ఆ మందు మొదలైతే మాత్రం సాధారణంగా జీవితాంతమే. ఇంకోటి, పొమెరేనియన్లలో శ్వాసనాళం కుంగినా ఇలాగే దగ్గు వస్తుంది. అప్పుడు గుండె మందుతో ఆ దగ్గు తగ్గదు.

ఇంట్లో తప్పనిసరిగా చేయాల్సింది నిద్రలో ఊపిరి లెక్కపెట్టడం. గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచిందో 30 సెకన్లు చూసి రెట్టింపు చేయండి. నిమిషానికి 30 లోపు ఉండాలి. దాటితే కాసేపాగి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గకపోతే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఎండలో తిరిగొచ్చి వగర్చేది లెక్కలోకి రాదు. మా ఆయన క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే ఇదీ రాస్తారు. బంటీకి నీరు చేరుతోందని దగ్గు ముదరకముందే మాకు చెప్పింది ఆ అంకెలే. చిగుళ్లు నీలంగా మారినా, పడుకోలేక కూర్చునే రొప్పుతున్నా అర్ధరాత్రయినా సరే, ఆస్పత్రికే.

ఇప్పుడు బంటీకి లాసిక్స్ (ఒంట్లో చేరిన నీరు తీసే మందు) కూడా వేస్తున్నాం. అది వేసుకుంటే నీళ్లు తెగ తాగుతుంది, మాటిమాటికీ ఉచ్చ పోస్తుంది. ఇల్లు కంపు కొడుతోందని నీళ్ల గిన్నె తీసేయకండి, మోతాదు మీరే తగ్గించకండి. కిడ్నీలకీ పొటాషియంకీ రక్తపరీక్షలు మధ్యమధ్యలో చేయిస్తుండాలి. పిమోబెండాన్ తిండికి గంట ముందు, 12 గంటలకోసారి.

బంటీకి ఉప్పు తగ్గించే సంగతి మా ఇంట్లో పెద్ద పేచీ. అత్తయ్యగారు కంచం పక్కనుంచి అప్పడం ముక్క విసరకుండా ఉండలేరు. ఇప్పుడు ఉప్పు వేయకుండా ఉడికించిన చికెన్ ముక్కలు ఆవిడ చేతికే ఇచ్చేస్తున్నాం, ఇద్దరూ హ్యాపీ. మెడ పట్టీ మాత్రం ఇవాళే తీసేసి ఛాతీకి హార్నెస్ వేయండి, లాగినప్పుడల్లా వచ్చే దగ్గయినా తగ్గుతుంది.