హెర్పిస్ అవునో కాదో తేలట్లేదు, ఏం చేయాలి?

జననాంగం దగ్గర లేచిన పొక్కును ఒక డాక్టరు చూసి హెర్పిస్ (కలయికతో సోకే వైరస్ జబ్బు) కావచ్చన్నారు, ఇంకొకరు కాదన్నారు, రక్తపరీక్షలో ఐజీఎం (వైరస్ సోకిన తొలిరోజుల్లో ఒంట్లో పుట్టే యాంటీబాడీ) పాజిటివ్ వచ్చింది, నిద్ర పట్టట్లేదు అని రాశారు.

ముందు ఆ ఐజీఎం కాగితం పక్కన పడేయండి. హెర్పిస్‌కి అది నమ్మదగ్గ పరీక్ష కాదు, ల్యాబులు ఇంకా ఎందుకు చేస్తున్నాయో మరి! ఐజీజీ (తర్వాత పుట్టి ఎక్కువకాలం ఉండే యాంటీబాడీ) పరీక్షకైనా, అనుమానమున్న కలయిక నుంచి 12 వారాలు ఆగాలి. అందులో టైప్-1 (ఎక్కువగా నోటి దగ్గర వచ్చే హెర్పిస్ రకం) వస్తే, చిన్నప్పుడు పెదవి మీద లేచిన పొక్కుదీ కావచ్చు.

బాగా తేల్చేది పీసీఆర్, అంటే పొక్కులో వైరస్ జన్యుపదార్థం ఉందో లేదో చూసే పరీక్ష. మళ్లీ పొక్కు లేస్తే ఎండిపోకముందే, ఒకటి రెండు రోజుల్లోనే, చర్మవ్యాధుల డాక్టరు దగ్గర స్వాబ్ (దూదిపుల్లతో పొక్కు నుంచి తీసే నమూనా) తీయించుకోండి. ప్రభుత్వాసుపత్రిలో సురక్ష క్లినిక్ (సుఖవ్యాధులు చూసే విభాగం) ఉంటే అక్కడా గుట్టుగానే చూస్తారు. షేవింగ్ గాటు, ఫంగస్ కూడా అచ్చం ఇలాగే భయపెడతాయి.

పుండు ఉన్నన్నాళ్లూ కలయిక వద్దు, మిగతా రోజుల్లో కండోమ్ వాడండి. హెర్పిసే అయినా అసైక్లోవిర్ లాంటి మాత్రలతో అదుపులో ఉంటుంది.