తాళం వేసి ఉండే ఐదు రోజుల ఇల్లు

ప్రశ్న: వికారాబాదు దగ్గర, అనంతగిరి కొండల వైపు మాకు ఎకరం మామిడితోట ఉంది. నేల పడమటి నుంచి తూర్పుకు వాలుగా ఉంటుంది, నడుమ పెద్ద చింతచెట్టు ఉంది. శని, ఆదివారాలు గడపడానికి హంగులు లేని చిన్న ఇల్లు కట్టుకోవాలని నేనూ మావారూ అనుకుంటున్నాము. మాకు చూపించిన నమూనాలో మూడు వైపులా నిలువెత్తు అద్దాలు ఉన్నాయి. నేలను జేసీబీతో చదును చేయించి, చెట్టు కొట్టించాలని మేస్త్రీ అంటున్నాడు. పిల్లలేమో ఈతకొలను కావాలంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: మీ ఉత్తరంలో నేను గీత గీసుకున్న మాట ‘శని, ఆదివారాలు’ అన్నది. అంటే మిగిలిన ఐదు రోజులూ ఆ ఇంటికి తాళం వేసి ఉంటుంది, చెదలు, ఎలుకలు, గబ్బిలాలు, కోతులు ఆ రోజుల్లోనే పని చూసుకుంటాయి. కాబట్టి ఏది ఉంచాలి, ఏది మానాలి అన్న ప్రశ్నను అందం వైపు నుంచి కాక, శనివారం ఉదయం తాళం తీసిన అరగంటలో ఇల్లు వాడుకోవడానికి వీలుగా ఉంటుందా అన్న వైపు నుంచి అడగండి.

ముందు నేల సంగతి. వాలును కోసి చదును చేస్తే పడమటి పక్కన మట్టి గోడలా నిలుస్తుంది, వానాకాలంలో ఆ మట్టిలో ఇంకిన నీరంతా మీ వెనక గోడకే ఊరుతుంది. దానికి బదులు ఎగువ వైపు అడుగున్నర, దిగువ వైపు మూడు నాలుగు అడుగులు ఉండేలా రాతి పునాదిని వాలుతోపాటే దింపి, ఎగువన చిన్న కాలువ తీసి వాన నీటిని ఇంటికి రెండు పక్కలా మళ్లిస్తే జేసీబీ అవసరమే ఉండదు.

చింతచెట్టును కొట్టించకండి. మే నెలలో సాయంత్రం నాలుగు గంటలకు ఏ చెట్టు నీడైనా దాని ఎత్తును మించి తూర్పుకు సాగుతుంది. ఇంటిని చెట్టుకు తూర్పున, కొమ్మల అంచు దాటాక కడితే పడమటి ఎండను ఆపే పని చెట్టే చూసుకుంటుంది. (చింతచెట్టు మీద దయ్యాలుంటాయన్న బెంగ మేస్త్రీకి ఉంటే ఆయనతో నెమ్మదిగా మాట్లాడండి.) పునాది గీత గీసే ముందు ఒక ఆదివారం అక్కడే ఉండి, గంటకోసారి నీడ అంచు వెంట ముగ్గుపిండి చల్లండి. సాయంత్రానికి నేల మీద కనిపించే ఆ గీతలకంటే మంచి నమూనా మీకు ఎవరూ గీసి ఇవ్వలేరు.

అద్దాల గోడలు చలిదేశాల వారికి పనికివస్తాయి. అక్కడ లోపలికి వచ్చిన ఎండ వరం, ఇక్కడ అదే శిక్ష. పడమటి గోడకు కిటికీ వద్దు. దక్షిణాన మూడడుగుల చూరు దించండి, ఎందుకంటే డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు ఆ దిక్కున దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. మొత్తం 600 చదరపు అడుగులు అనుకుంటే 400లో గది, వంట మూల, స్నానాల గది సరిపెట్టి, మిగిలిన 200 తూర్పు వసారాకు వదలండి. మీరు మెలకువగా ఉండే సమయమంతా ఆ వసారాలోనే గడుస్తుంది.

గోడలకు ఇటుకలను నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదిలే ‘ర్యాట్ ట్రాప్ బాండ్’ పద్ధతి మేలు. ఇటుకలు దాదాపు పావు వంతు ఆదా అవుతాయి, లోపలి గాలి వేడిని ఆపుతుంది. ఇంగ్లండులో పుట్టి కేరళలో స్థిరపడిన భవనశిల్పి లారీ బేకర్ (1917–2007) మన దేశంలో దీనికి ప్రచారం తెచ్చారు. ఆయన వాడిన మరో పద్ధతి ఫిల్లర్ స్లాబు: స్లాబు అడుగు భాగంలో లాగుడును తట్టుకునేది ఇనుమే గనుక, ఊచల మధ్య కాంక్రీటు తగ్గించి మంగుళూరు పెంకులు అమరుస్తారు. కోతులు గంతులేసే చోట విడి పెంకుల కప్పు నిలవదు, ఈ స్లాబులో పెంకు భద్రంగా ఉంటుంది. అయితే ఊచల లెక్క ఇంజనీరు చేత వేయించండి, మేస్త్రీ అంచనాకు వదలవద్దు.

నేలకు మీ జిల్లా తాండూరు బండే చాలు. అలమరలకూ అదే బండను గోడలోకి దింపి గూళ్లుగా కట్టించుకుంటే చెదలకు తినడానికి ఏమీ మిగలదు. ప్లైవుడ్ అసలు వాడవద్దు. కుర్చీలకు బదులు వసారా పొడవునా అరుగు కట్టించండి. పరుపులు, దుప్పట్లు ఇనుప ట్రంకు పెట్టెలో పెట్టి వెళ్లండి, లేకపోతే తిరిగి వచ్చేసరికి దూదిలో ఎలుక కాపురం పెడుతుంది. పైకప్పు కింద వెంటిలేటర్లకు సన్నని ఇనుప జాలీ బిగిస్తే, తాళం వేసి ఉన్నప్పుడు కూడా గాలి ఆడుతుంది, గబ్బిలాలు రావు.

ఇక ఈతకొలను. వారానికి ఐదు రోజులు కదలకుండా నిలిచే నీటిలో ఈదేవి దోమ పిల్లలే. అదే 600 అడుగుల కప్పు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 550 లీటర్ల నీరు వస్తుంది. దాన్ని మూత ఉన్న తొట్టిలోకి మళ్లించి, పొంగిన నీరు మామిడి పాదులకు పోయేలా చేయండి. పిల్లలకు ఆ తొట్టి పక్కన పెద్ద కుళాయి, కింద బండ పరిచిన చదును ఉంటే వేసవి గడిచిపోతుంది.