దుప్పి కీర్తన పాడించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి, ప్రేమతో బాబాయ్ రాయునది.

ఈ ఈస్టర్‌కి మీ చర్చి క్వయర్ చేత ఇటలీ స్వరకర్త పాలెస్త్రీనా లాటిన్ పాట ‘సీకుత్ చెర్వుస్’ (‘దుప్పి లాగా’) పాడిస్తానన్నావని అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. 42వ కీర్తన మొదటి వచనమే కదా, దుప్పి నీటివాగుల కోసం ఆశపడ్డట్టు నా ప్రాణం నీకోసం ఆశపడుతోందన్నది మనవాళ్లకి కంఠతా వచ్చిన మాట. రోమన్ కాథలిక్కులు ఈస్టర్ ముందురోజు రాత్రి బాప్తిస్మపు నీళ్లని ఆశీర్వదించడానికి వెళ్తూ ఈ మాటలు పాడేవారు. పాలెస్త్రీనా 1571 నుంచి 1594లో చనిపోయేదాకా రోములో సెయింట్ పీటర్స్ క్వయర్‌ని నడిపించాడు. గొంతుకి ఏది హాయో ఆయనకంటే తెలిసినవాళ్లు లేరని నా నమ్మకం.

ముందు కీబోర్డు పక్కన పెట్టు. శ్రుతి అందుకోవడానికి ఒకసారి నొక్కితే చాలు.

మన క్వయర్లలో సోప్రానోలు (ఆడవాళ్లలో పై గొంతులు) పాట పాడితే మిగతా పార్టులు వెనక నిలబడతాయి. ఇక్కడ అది కుదరదు. టెనర్లు (మగవాళ్లలో పై గొంతులు) మొదలుపెడతారు, అదే వరసని ఆల్టోలు (ఆడవాళ్లలో కింది గొంతులు), తర్వాత సోప్రానోలు, చివరికి బేస్‌లు (మగవాళ్లలో కింది గొంతులు) అందుకుంటారు. అందుకే మొదటి ప్రాక్టీసులో పార్టులు పంచకు. టెనర్ల మొదటి వరసని అందరిచేతా పాడించు. అప్పుడే అది పక్కవాళ్ల గొంతులో వచ్చినప్పుడు గుర్తుపట్టి, తమ గొంతు తగ్గించి దారిస్తారు. ‘ఇతా దేసీదెరత్’ (అలాగే ఆశపడుతోంది) దగ్గర కొత్త వరస, ‘ఆనిమా మేఆ’ (నా ప్రాణం) దగ్గర మరొకటి. అక్కడా ఇదే పద్ధతి.

అప్పట్లో ఒక్కో పార్టుకి ఒక్కో పుస్తకం, అందులో తాళాన్ని భాగాలుగా విడదీసే బార్ గీతలు ఉండేవి కావు. మనం చూసేవి తర్వాతివాళ్లు గీసినవి. కాబట్టి గీత దాటిన ప్రతిసారీ మొదటి దెబ్బ గట్టిగా వేయనివ్వకు. బరువు మాటని బట్టి పడాలి: దేసీదెరత్‌లో ‘సీ’ మీద, ఆక్వారుమ్‌లో ‘క్వా’ మీద. లాటిన్ అచ్చులు మన నాలుకకి తేలికే. తంటా అంతా చివరి హల్లుతోనే. మనవాళ్లు తెలియకుండానే ‘సీకుతు’, ‘చెర్వుసు’ అనేస్తారు. త్, స్ దగ్గర ఠక్కున ఆపడం విడిగా ప్రాక్టీసు చేయించు. కీర్తనల్లో లాగా స్వరం నుంచి స్వరానికి జారడం కూడా మాన్పించు.

‘ఆనిమా మేఆ’ దగ్గర మాత్రం తొందరపడకు. ఒక గొంతు పాత స్వరాన్నే పట్టుకుని ఉంటుంది, ఈలోగా ఇంకో గొంతు కదిలిపోతుంది. రెండూ ఒక్క క్షణం ఒరుసుకుంటాయి. తర్వాత మొదటిది ఒక్క మెట్టు దిగి కుదురుకుంటుంది. పిల్లలు తప్పు పాడామేమోనని టెన్షన్ పడి ముందే దిగిపోతారు. ఆ రెండు గొంతులనే నిలబెట్టి, మెల్లగా, ఆ ఒరుపు చెవికి తెలిసేదాకా పాడించు. ఈ పాటలో నాకు ప్రాణం అదే.

సోప్రానోలకి ఎత్తనిపిస్తే ఒక స్వరం దించుకో. ఆ కాలంలో శ్రుతి ఇప్పట్లా ఒకేచోట బిగించి లేదు. రెండో భాగం ‘సితీవిత్ ఆనిమా మేఆ’ ఈ ఏడాదికి వదిలెయ్, ఇది కుదిరాక చూద్దాం.

దీవెనలతో,
బాబాయ్