గోడ లోపలి మీటర్లు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మీ కంటోన్మెంటుకు డీమ్డ్ లైసెన్సీ హోదా, అంటే విడిగా లైసెన్సు తీసుకోకుండానే కరెంటు పంపిణీదారుగా గుర్తింపు, కోరుతూ రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ముందు పిటిషన్ వేసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సైన్యానికి కట్టడాలూ, కరెంటూ చూసే ఎం.ఇ.ఎస్. (మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్)లో చేరి నాలుగేళ్లు నిండకుండానే మన ఇంటి పిల్ల ఇంత బరువు నెత్తికెత్తుకున్నదని గర్వపడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

ఫీజు, అఫిడవిట్, ప్రతుల సంఖ్య మండలి నిబంధనల్లోనే ఉంటాయి, చదివి చేయి.

2003 విద్యుత్ చట్టంలో 14వ సెక్షన్, ప్రభుత్వమే కరెంటు పంపిణీ చేస్తే దానిని లైసెన్సీగానే భావించాలని చెబుతుంది. 184వ సెక్షన్, రక్షణ శాఖకు ఈ చట్టమే వర్తించదని చెబుతుంది. రెండూ మనకు అనుకూలమే కదా అని ఒకే పిటిషన్‌లో రెండింటినీ గుచ్చావంటే, "మా పరిధిలో లేనివారు మా దగ్గరికి ఎందుకు వచ్చారమ్మా" అని బెంచి అడిగే మొదటి ప్రశ్నకే నీ నోరు మూతపడుతుంది. ఢిల్లీ కంటోన్మెంటులో ఎం.ఇ.ఎస్. లైసెన్సీగానే ఉంది, అక్కడి రేట్లను ఢిల్లీ మండలే నిర్ణయిస్తుంది. హోదా కావాలంటే ఆ అజమాయిషీకీ తల ఒగ్గాలి.

రైల్వేల సంగతి కూడా మరువకు. 2015లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి వారిని డీమ్డ్ లైసెన్సీగా గుర్తించింది. 2024లో, మండళ్ల తీర్పులపై అప్పీళ్లు వినే అప్పిలేట్ ట్రిబ్యునల్ కాదన్నది. కరెంటు తెచ్చుకుని తానే వాడుకోవడం పంపిణీ కాదు, ఎదుట వినియోగదారుడు ఉండాలి అన్నదే అక్కడ తగవు. డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) న్యాయవాది మీ రన్‌వే దీపాలను, పంపుహౌసులను చూపి అదే మాట అంటాడు. కనుక గోడ లోపల మీటరు పెట్టుకుని, బిల్లు కట్టి, రసీదు తీసుకునే ప్రతి క్వార్టరునూ, బ్యాంకునూ, పోస్టాఫీసునూ, దుకాణాన్నీ నీవే స్వయంగా నడిచి లెక్కపెట్టు. పాత జాబితాను నకలు తీసి సంతకం పెట్టకు. నీకు ఆ బద్ధకం ఉంది, నాకు తెలుసు.

ఇక నేను చేసిన తప్పు సంగతి. ఒక స్టేషన్‌లో మా హెచ్‌.టి. సర్వీసుకు, అంటే అధిక వోల్టేజీ కనెక్షనుకు, ఒప్పంద డిమాండ్ (డిస్కంతో ఒప్పుకున్న గరిష్ఠ లోడు) 2000 కేవీఏ ఉండేది. ఒక వేసవిలో అక్కడి పెద్ద సైనిక యూనిట్ సరిహద్దుకు తరలిపోయింది. బ్యారక్‌లకు తాళాలు పడ్డాయి, లంగరులో, అంటే సిపాయిల వంటశాలలో, పొయ్యిలు ఆరిపోయాయి, గరిష్ఠ డిమాండ్ 900 దాటడం మానేసింది. నమోదైన డిమాండ్, ఒప్పంద డిమాండ్‌లో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే బిల్లు గనుక 1600కు కడుతూ వచ్చాము. తగ్గించమని డిస్కంకు దరఖాస్తు పెట్టవలసినవాడిని నేనే. పెడితే లోపల యూనిట్ లేదని బయటివారికి చాటినట్టవుతుందని భయపడి, దస్త్రం మీద ఎర్రసిరాతో "గోప్యం" అని రాసి, బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకున్నాను. అలా 14 నెలలు గడిచాయి. రీడింగ్ తీసుకోవడానికి వచ్చిన డిస్కం ఏ.ఇ. (అసిస్టెంట్ ఇంజనీరు) ఒకనాడు మీటరు గది తలుపు దగ్గరగా వేస్తూ, మాటవరసకు, "సగంమంది వెళ్లిపోయినట్టున్నారు కదండీ, కిందటి మే నుంచీ మీ డిమాండ్ లేవడం లేదు" అన్నాడు. నేను బీరువాలో దాచినదాన్ని మీటరు నెలనెలా అతని పుస్తకంలో రాయిస్తూనే ఉన్నది. ఆడిట్‌వారు వివరణ అడిగితే ఆరు పేజీలు రాశాను. భయం అన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, లోడు వివరాలు ఇమ్మని మండలి అడిగిన రోజున మీ పై అధికారులు కూడా "రహస్యం" అనే అంటారు. ఏ ఫీడరుపై (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైనుపై) మొత్తం లోడు ఎంత, క్వార్టర్లు ఎన్ని అన్నవి దాచినందువల్ల ఫలం లేదు, అవి సబ్‌స్టేషన్‌లో కనబడేవే. ఏ గదిలో ఏ యంత్రం ఉన్నదన్నది మాత్రం వేరే కవరులో పెట్టి, బహిరంగపరచవద్దని విడిగా అర్జీ పెట్టు. ఏది ఇవ్వవచ్చో నోటిమాటగా వద్దు, లిఖితపూర్వకంగా అనుమతి తీసుకో. రేపు తలకు చుట్టుకుంటే నీ పక్కన ఎవరూ నిలబడరు. పెద్దవాణ్ని, కటువుగా రాస్తున్నాను, ఏమీ అనుకోకు తల్లీ.

ఇంకొక్కటి. లైసెన్సీ అయితే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక పెట్టడం మీ విధి. భర్త సరిహద్దులో ఉండగా, రాత్రి పసిపిల్లతో కరెంటు లేక మా కార్యాలయం మెట్ల మీద తెల్లవారేదాకా కూర్చున్న ఒక సిపాయి భార్యను నేను మరిచిపోలేదు. ఆమె ఎవరికి చెప్పుకోవాలో మాలో ఎవరికీ తెలియదు. పిటిషన్‌లో ఆ వేదిక గురించిన పేరా మొక్కుబడిగా రాయకు.

మండలి రెడ్‌హిల్స్‌లో సింగరేణి భవన్‌లో ఉన్న రోజుల్లో విచారణలకు వెళ్లి వెనక వరుసలో కూర్చునేవాణ్ని. తేదీ వేశాక తెలియజేయి, వస్తాను. మాట్లాడేటప్పుడు మాత్రం నావైపు చూడకు.

నీ పెదనాన్న