తోటబాటకు కంకర ఎంత కావాలి?

ప్రశ్న: మా తోటలో 40 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు గల నడకదారిలోనూ, ఆ దారి చివర 12 అడుగుల వ్యాసంతో గుండ్రంగా ఉన్న కూర్చునే చోటులోనూ కంకర పరిపించాలని అనుకుంటున్నాము. 2 అంగుళాల మందం చాలునని చెప్పారు. అయితే ఒకరు ఘనపుటడుగుల్లో, మరొకరు టన్నుల్లో లెక్క చెబుతున్నందువల్ల ఏది సరైనదో తెలియడం లేదు. ఎంత తెప్పించుకోవాలో దయచేసి వివరించండి.

జవాబు: ముందుగా వైశాల్యం చూద్దాం. నడకదారి 40ని 4తో గుణిస్తే 160 చదరపు అడుగులు వస్తుంది. గుండ్రని చోటు వ్యాసార్ధం 6 అడుగులు కనుక, 6ను 6తో గుణించగా వచ్చిన 36ను 3.14తో హెచ్చిస్తే దాదాపు 113 చదరపు అడుగులు. రెండూ కలిపితే 273. దారి పొడవును వృత్తం అంచు వరకే కొలిచారో, నడిమధ్య వరకు కొలిచారో ఒకసారి సరిచూసుకోండి. మధ్య వరకు కొలిచి ఉంటే చివరి 6 అడుగుల దారి రెండుసార్లు లెక్కలోకి వచ్చినట్టే.

ఇక మందం. 2 అంగుళాలంటే అడుగులో ఆరో వంతు. కాబట్టి 273ను 6తో భాగిస్తే 45.5 ఘనపుటడుగులు వస్తాయి. ఇక్కడ చాలామంది 2 అంగుళాలను 0.2 అడుగులుగా రాసుకుని గుణిస్తారు. అడుగుకు 12 అంగుళాలు ఉండగా 10 అన్నట్టు రాయడం వల్ల అవసరానికి మించి ఐదో వంతు కంకర వచ్చి పడుతుంది. వచ్చిన 45.5కు, అంచుల వెలుపలికి చిందేదీ నేలలోకి దిగబడేదీ దృష్టిలో పెట్టుకుని పదో వంతు కలుపుకుంటే 50 ఘనపుటడుగులు అవుతుంది. అంటే సుమారు 1.4 ఘనపు మీటర్లు.

టన్నుల లెక్క కూడా ఇదే రాశిని మరో రూపంలో చెబుతుంది. వదులుగా పోసిన పొడి కంకర ఘనపు మీటరుకు సాధారణంగా 1,500 నుంచి 1,700 కిలోల దాకా తూగుతుంది. ఘనపుటడుగుకు 45 కిలోల చొప్పున వేసుకుంటే మీ 50 ఘనపుటడుగులు 2,250 కిలోలు, అంటే రెండుంబావు టన్నులు. రాతి బరువును బట్టి లెక్క వేస్తే మాత్రం తప్పిపోతారు. గ్రానైటు రాయి ఘనపు మీటరుకు 2,600 కిలోలకు పైగా ఉంటుంది గానీ, కంకర కుప్పలో దాదాపు ఐదింట రెండు వంతులు రాళ్ల మధ్య ఖాళీయే.

నేను మీకు ముఖ్యంగా చెప్పదలచినది ఈ గుణకారాల గురించి కాదు. పొడవు, వెడల్పులను అందరూ టేపు పట్టి జాగ్రత్తగా కొలుస్తారు, మందాన్ని మాత్రం నోటిమాటగా వదిలేస్తారు. మీ దారి పొడవును ఒక అడుగు తప్పుగా కొలిచారనుకోండి, తేడా ఘనపుటడుగులో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 30 కిలోలు. అదే తవ్విన నేల 2 అంగుళాలకు బదులు సగటున రెండున్నర అంగుళాల లోతు ఉంటే, అదనంగా 11 ఘనపుటడుగులకు పైగా కావాలి. అది అర టన్ను బరువు. చేతికి తెలియని ఆ అర అంగుళం దగ్గరే సగానికి సగం లెక్కలు దెబ్బతింటాయని నా అనుభవం.

అందుకని తవ్వకం పూర్తయ్యాక, కంకర చెప్పే ముందు, దారికి అడ్డంగా రెండు అంచుల మీదుగా ఒక దారాన్ని బిగించి కట్టి, రసమట్టంతో సరిచూసి, ఆ దారం నుంచి నేల వరకు ఎంత లోతుందో స్కేలుతో కొలవండి. ప్రతి 5 అడుగులకు ఒకచోట, ఒక్కొక్క చోట ఎడమన, నడుమ, కుడిన మూడు కొలతలు తీసుకుని అన్నిటి సగటు కట్టండి. పూర్తయిన కంకర అంచుకన్నా అర అంగుళం కిందికి ఉంటే రాళ్లు బయటికి దొర్లవు కనుక, వచ్చిన సగటులోంచి ఆ అర అంగుళం తీసివేయండి. మిగిలినదే మీ అసలు మందం. నేల మెత్తనిదైతే కింద జియోటెక్స్‌టైల్ బట్ట (నీటిని దిగనిస్తూ మట్టినీ రాళ్లనూ వేరుగా ఉంచే గట్టి బట్ట) పరవడం మంచిది. లేకపోతే వానలకు మట్టి మెత్తబడినప్పుడల్లా రాళ్లు కొద్దికొద్దిగా దిగబడి, ఎంత సరిగా లెక్క కట్టినా ఏడాది తిరిగేసరికి కంకర చాలకుండా పోతుంది.

రాయి పరిమాణం కూడా మందాన్ని నిర్ణయిస్తుంది. పరిచే మందం రాయి కొలతకు కనీసం రెండింతలు ఉండాలి. 20 మిల్లీమీటర్ల రాయికి 2 అంగుళాలు బాగా సరిపోతుంది. 40 మిల్లీమీటర్ల రాయిని అదే మందంలో పరిస్తే ఒక వరుస మీద మరో వరుస నిండుగా రాక సందుల్లోంచి నేల కనబడుతుంది.

ప్రశ్న: బండి నిలుపుకునే 200 చదరపు అడుగుల చోటులో రాతిపొడి కలిసిన కంకరను కింది పొరగా వేయించాము. 4 అంగుళాలకు లెక్క కట్టి తెప్పించి పరిచాక ప్లేట్ కంపాక్టర్ (అదిరే పలకతో నేలను దిమ్మిస కొట్టే యంత్రం) నడిపితే 3 అంగుళాలకు దిగిపోయింది. సరుకు తక్కువ ఇచ్చారని అనుకోవాలా?

జవాబు: అనుకోనక్కర లేదు. పొడి కలిసిన కంకరను దిమ్మిస కొట్టినప్పుడు పొడి, చిన్న రాళ్లు వెళ్లి పెద్ద రాళ్ల మధ్య ఖాళీలను నింపుతాయి కనుక మందం ఆరో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గడం సహజమే. మీకు సరిగ్గా నాలుగో వంతు తగ్గింది. పొడి లేని గుండ్రని గులకరాళ్లు ఇలా కుదించుకోవు కనుక పైపొరకు ఈ లెక్క అవసరం లేదు.

తగ్గేదాన్ని ముందే కలుపుకోవడంలో ఒక చిక్కు ఉంది. నాలుగో వంతు తగ్గుతుంది కదా అని 4 అంగుళాలకు నాలుగో వంతు కలిపి 5 అంగుళాలు పరిస్తే, దిమ్మిస తరువాత మూడుంముప్పావు అంగుళాలే మిగులుతుంది. కలపడం కాదు, భాగించాలి. 4ను 0.75తో భాగిస్తే 5.33 అంగుళాలు. ఇప్పుడు మీకు తక్కువైన 1 అంగుళం కోసం 1.33 అంగుళాల వదులు కంకర పరవాలి. 200ను 1.33తో గుణించి 12తో భాగిస్తే 22 ఘనపుటడుగులు, దాదాపు ఒక టన్ను. పాత పొర మీద కొద్దిగా నీళ్లు చల్లి, పైభాగాన్ని గీకి, కొత్తది వేసి మళ్లీ దిమ్మిస చేయించండి. ఇకముందు చిన్న యంత్రంతో పని చేయించేటప్పుడు మొత్తం మందాన్ని ఒకేసారి పోయకుండా 3, 4 అంగుళాల పొరలుగా వేయించండి. ఒకేసారి పోస్తే పైభాగం గట్టిపడినా అడుగుభాగం వదులుగానే ఉండిపోయి, చక్రాలు తిరిగే చోట గాడి పడుతుంది.

ప్రశ్న: తూకం మీద కొంటే నీటి బరువు కూడా కలుస్తుందంటారు. కొలత మీద కొంటే ప్రయాణంలో కుదించుకుపోతుందంటారు. దేనిని నమ్మాలి?

జవాబు: రెండూ నిజమే. పొడి లేని కంకర నీటిని పెద్దగా పట్టి ఉంచదు కనుక తడి వల్ల తేడా స్వల్పమే. పొడి కలిసినదైతే చెప్పుకోదగినంత ఉంటుంది. ఏది కొన్నా మీ లెక్కను సరిచూసుకోవడానికి ఒక బకెట్ చాలు. నీటితో కొలిచి సరిగ్గా 10 లీటర్లకు గీత పెట్టుకున్న బకెట్‌ను, నొక్కకుండా ఆ గీత వరకు కంకరతో నింపి తూచండి. బకెట్ బరువు తీసేశాక 16 కిలోలు వచ్చిందంటే మీ కంకర ఘనపు మీటరుకు 1,600 కిలోలు. పుస్తకాల్లోని సగటు కన్నా ఈ అంకెనే నమ్మండి, ఎందుకంటే అది మీరు కొనబోయే రాయిదే.

ప్రశ్న: మా పూలమడి ఏ ఆకారంలోనూ లేదు. దాని వైశాల్యం ఎలా కట్టాలి?

జవాబు: మడి పొడవునా నడుమ ఒక తాడు వేసి, ప్రతి 2 అడుగులకు ఒకచోట అడ్డంగా వెడల్పు కొలవండి. 12 అడుగుల పొడవున్న మడిలో వరుసగా 0, 3, 5, 6, 5, 4, 0 అడుగులు వచ్చాయనుకుందాం. వాటి మొత్తం 23. దానిని రెండేసి అడుగుల దూరంతో గుణిస్తే 46 చదరపు అడుగులు. చివరల వెడల్పు సున్నా కాకపోతే ఆ రెండు కొలతలను సగం చొప్పునే కలపాలి. చిన్న మొక్కల చోటును తీసివేయనక్కర లేదు. చెట్టు మొదళ్ల విషయంలో మాత్రం కాండానికి ఆనకుండా చుట్టూ జానెడు ఖాళీ ఉంచి, ఆ మేరకు వైశాల్యం తగ్గించుకోండి. కాండానికి రాళ్లు ఒరుసుకుని తడి నిలిస్తే బెరడు కుళ్లుతుంది.